అటక మీద వంగపండు

విశాఖలో సింధియా నుంచి మల్కాపురం వచ్చే దారిలో ఇరవై ఏడేళ్ళు టేప్ రికార్డర్లు బాగుచేశాను. షిప్‌యార్డులో షిఫ్టు దిగగానే సైకిళ్ళు నా కొట్టు ముందు ఆగేవి. బెల్టు సాగిపోయిందని ఒకరు, రీలు నలిగిందని ఒకరు, హెడ్డు అరిగి గొంతు బొంగురుగా వస్తోందని ఇంకొకరు. ఆ బల్ల మీద నేను చేసిన ఒక పని గురించి ఈ రోజు చెప్పాలి.

తొంభైల్లో ఒక సాయంత్రం, తెలిసిన కుర్రాడు క్యాసెట్ తెచ్చాడు. "గురూ, దీన్లో కొత్త సినిమా పాటలు ఎక్కించీ. పెళ్ళి బస్సులో ఏస్తాం" అన్నాడు. అట్ట మీద బాల్‌పెన్నుతో 'వంగపండు, మీటింగు' అని రాసి ఉంది. వాళ్ళ నాన్నదట. క్యాసెట్ వెనక అంచున రెండు చిన్న ప్లాస్టిక్ చెవులుంటాయి. అవి విరిచేస్తే రికార్డు బటన్ కిందికి దిగదు. ఆ పెద్దాయన పాటలు చెరగకూడదని రెండూ విరిచి పెట్టుకున్నాడు. నేను ఆ కన్నాల మీద సెల్లోటేపు అంటించాను. రీలు బాగుందో లేదో చూద్దామని ఒక నిమిషం వేశాను. ముందు గజ్జెలు, తర్వాత డప్పు, ఎక్కడో పసిపిల్ల ఏడుపు, జనం ఈల. అప్పుడు ఆ గొంతు. విన్నాను, ఆపాను, రికార్డు నొక్కాను. పది రూపాయలు తీసుకున్నాను.

ఆ నిమిషం నా చెవిలో ఉంది. మిగతా యాభై తొమ్మిది నిమిషాలు ఇప్పుడెక్కడా లేవు.

ఆ గొంతు వంగపండు ప్రసాదరావుది. పాటగాడు, మా యార్డు మనిషి. 1943లో పార్వతీపురం దగ్గర పెదబొండపల్లిలో పుట్టాడు. హిందుస్థాన్ షిప్‌యార్డులో ఫిట్టరుగా పనిచేశాడు. యంత్రం నడిచే తీరు మీద ఆయన కట్టిన పాట దేశమంతా తిరిగిందంటే నాకు ఆశ్చర్యం లేదు. స్పానరు పట్టిన చెయ్యి కట్టిన పాట అది. 1970లో శ్రీశ్రీ షష్టిపూర్తి జరిగిన ఊరు మనది. ఆ సభలోనే విద్యార్థులు రచయితలను మీరెటువైపని నిలదీశారు, ఆ ఏడాది జులైలోనే విప్లవ రచయితల సంఘం, అంటే విరసం పుట్టింది. రెండేళ్ళకు విప్లవ కళాబృందం జననాట్యమండలి. గద్దర్‌తో పాటు వంగపండూ అందులో మొదటివాళ్ళలో ఒకడు. మూడు వందలకు పైగా పాటలు కట్టాడు. 'ఏం పిల్లడో ఎల్దమొస్తవ' 1986లో 'అర్ధరాత్రి స్వతంత్రం' సినిమాకెక్కింది గానీ, అప్పటికే దాన్ని పాడని కూలిపేట లేదు. ఏ రికార్డుల కంపెనీ ఆయన్ని ఊరూరా తిప్పలేదు. మైకు దొరికితే మైకు, దొరక్కపోతే ఉత్త గొంతు.

పాటలు పుస్తకాల్లో అచ్చయ్యాయి కదా అంటారు కొందరు. అచ్చులో ఉన్నది సగమే. మా ఉత్తరాంధ్ర మాటలో దీర్ఘం ఎక్కడ లాగాలో, ఎక్కడ కొరకాలో అక్షరం చెప్పలేదు. జముకుల కథలో జముకు తీగ లాగినప్పుడు వచ్చే మూలుగుని ఏ అక్షరంతో రాస్తారు? విప్లవ కవి సుబ్బారావు పాణిగ్రాహి అదే జముకుల కథని ఉద్యమంలోకి తెచ్చాడు. ఆ తోవలోనే వంగపండు మన పల్లె బాణీలను సభల్లోకి తెచ్చాడు. పాదం తప్పితే గజ్జె చెప్పేస్తుంది, ఊపిరి తీసుకుంటే జనం అందుకుంటారు. అదంతా రీలు మీదే ఉంది.

ఇలా గొంతులోనే బతికే పాట మనకొక్కళ్ళకే లేదు. పోర్టుకి ఓడలొచ్చినప్పుడు సీమెన్ కొందరు నా కొట్టుకొచ్చేవారు. ఒకాయన వదిలేసి వెళ్ళిన అమెరికా క్యాసెట్ ఒకటి చాలాకాలం నా దగ్గరుంది. పేరు చదవలేకపోయాను. ఒక మొగగొంతు, గిటారు, మధ్యలో నవ్వు. మాట అర్థం కాకపోయినా, పని నుంచి వచ్చి గుమ్మంలో కూలబడిన మనిషి పాడుతున్నాడని తెలిసింది. మొన్నీమధ్య మనవడు ఫోనులో అలాంటి పాటే వినిపించి, దీన్ని సోల్ బ్లూస్ అంటారు తాతా అన్నాడు. నల్లవారి చర్చిలో పాడే ఆవేశం, పత్తి చేలల్లో పుట్టిన దిగులు కలిస్తే వచ్చే పాటట. బాబీ రష్ అనే ఆయన గురించి చెప్పాడు. అమెరికాలో చిన్న చిన్న క్లబ్బుల్లో యాభై ఏళ్ళకు పైగా పాడుతూనే ఉండి, చివరికి సొంత రికార్డుల కంపెనీ పెట్టుకున్నాడు. 2017లో మొదటి గ్రామీ అందుకునేసరికి ఆయనకి ఎనభై మూడేళ్ళు. అదే ఏడాది మన ప్రభుత్వం వంగపండుకి కళారత్న ఇచ్చింది.

బిరుదు మంచిదే. అమెరికావాళ్ళు ఇంకో పని కూడా చేశారు. 1941లో ఆలన్ లోమాక్స్ అనే ఆయన రికార్డింగు యంత్రం మోసుకుని మిసిసిపీలో ఒక ఎస్టేటుకి వెళ్ళి, అక్కడి కూలివాడి పాటని వాళ్ళ జాతీయ గ్రంథాలయం కోసం పట్టుకొచ్చాడు. ఆ కూలివాడే తర్వాత మడ్డీ వాటర్స్ అయ్యాడు. మన షిప్‌యార్డుకి పునాదిరాయి పడింది కూడా ఆ ఏడే. ఫోక్‌వేస్ అనే చిన్న కంపెనీ రెండు వేలకు పైగా రికార్డులు తీసింది. దాన్ని 1987లో స్మిత్సోనియన్ సంస్థ తీసుకున్నప్పుడు ఒప్పుకున్న షరతు ఒకటుంది. కొనేవాడు ఒక్కడే ఉన్నా సరే, ఏ రికార్డూ దొరకకుండా పోకూడదు. ఆ షరతు గురించి విన్న రోజు నాకు నిద్ర పట్టలేదు.

వంగపండు 2020 ఆగస్టు 4న పార్వతీపురంలో కన్నుమూశాడు. వయసు మళ్ళాక పాడినవి ఫోనులో దొరుకుతున్నాయి. నిండు వయసులో మైదానాల్లో పాడిన పాటలు మాత్రం మల్కాపురంలో, గాజువాకలో, పెదగంట్యాడలో, పార్వతీపురంలో ఇళ్ళ అటకల మీదే ఉన్నాయి. ఒకరి డెక్కు నుంచి ఇంకొకరి డెక్కుకి నా కొట్లోనే ఎన్ని ఎక్కించానో లెక్కలేదు. సముద్రపు ఊరి గాలి రీలుకి మంచిది కాదు. చెమ్మకి బూజు పడుతుంది, పూత రాలి హెడ్డుకి అంటుకుంటుంది. తొంభై నిమిషాల రీలు అరవై నిమిషాల దానికంటే పలచన, ముందు అదే తెగుతుంది. ఇంకో పదేళ్ళు ఆగుదామంటే ఆ పదేళ్ళు రీలుకి లేవు.

అందుకే అడుగుతున్నాను. 1926లో పుట్టిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు మన ఊళ్ళో ఉంది. అందులో ఒక గది, ఒక మంచి డెక్కు, ఒక కంప్యూటరు, పని తెలిసిన ఇద్దరు కుర్రాళ్ళు. ఎవరైనా వెళ్ళి కూర్చుని వంగపండుని వినగలిగే చోటు. జముకుల కథలు, తప్పెటగుళ్ళు కూడా అక్కడే ఉండాలి. యార్డు, స్టీల్‌ప్లాంటు యూనియన్లు పూనుకుంటే ఒక్క ఏడాదిలో వేల క్యాసెట్లు వస్తాయి. ఆయన పాడింది వాళ్ళ కోసం. ఆ బాధ్యత మొదట వాళ్ళదే అని నా నమ్మకం.

అమ్మా, అయ్యా, మీ ఇంట్లో చేతిరాత అట్టతో పాత క్యాసెట్ ఉంటే చెత్తలో వెయ్యకండి. దొరికిన వెంటనే ప్లేయర్లో కూడా పెట్టకండి, మురికి పట్టిన ప్లేయరు దాన్ని ఒక్కసారికే మింగేస్తుంది. పొడిగుడ్డతో తుడిచి, పెన్సిలుతో మెల్లగా ఒకవైపు చివరిదాకా చుట్టి, చెమ్మ తగలని డబ్బాలో పెట్టండి. పని తెలిసిన పాత మెకానిక్‌లం ఇంకా కొందరం ఉన్నాం, డబ్బులు తీసుకోకుండా చేసిపెడతాం. అన్నిటికంటే ముందు, దాని వెనక ఉన్న ఆ రెండు చెవులూ విరిచెయ్యండి.