నాకు గడ్డి పెట్టిన గ్యాసు

బడీచౌడీలో కూరలు కొనడం మా యింట్లో ఆదివారంనాటి కార్యక్రమం. మా ఆవిడ బేరం చేస్తూంటే సంచీ పట్టుకుని నిలబడడం నా వంతు. దసరా బట్టలకని ఊరినుంచి వచ్చిన మా తమ్ముడు కూడా మొన్న వెంట ఉన్నాడు. సుల్తాన్ బజారులో చీరల దుకాణాల ముందు కలగని ఉత్సాహం వాడికి ఇక్కడ కలిగింది. కూరలవాడు గోబీపువ్వులకు ఆకులు కోసి కుప్పగా పారవేస్తుంటే చూస్తూ ఆగిపోయాడు.

"అన్నా, ఇది గ్యాసుకు పనికొస్తదా?"

నేను వెంటనే జవాబు చెప్పలేదు. కారణం ఉన్నది.

మా నాన్నగారి కాలంలో దొడ్డినిండా పశువులుండేవి. మా యింటి గోబర్ గ్యాసు బావి అప్పటిది. 2 ఘనమీటర్ల గ్యాసు రావాలంటే రోజుకు సుమారు 50 కిలోల పేడ కావాలి. ట్రాక్టరు వచ్చింది, ఎడ్లు పోయినవి, మిగిలినవి రెండు బర్రెలు. ఒకపూట వంటకే కటకట. అటు పొలంలో చూస్తే కోతమిషను వదలిపోయిన గడ్డి. యాసంగి దుక్కికి ముందు దానికి నిప్పు! నిరుడు కార్తీకంలో నేను ఎక్కడో చదివి, "తగలబెట్టడమేమిట్రా, బావిలో వెయ్యి" అని ఉపదేశించాను. పెద్దవాణ్ణి, పైగా పిల్లలకు చదువు చెప్పేవాణ్ణి. వాడు నమ్మాడు.

వారం తిరిగేసరికి గ్యాసు తగ్గింది. పదోనాటికి పొయ్యి ఆరింది. గడ్డి పైకి తేలి చాపలాగా తెట్టుకట్టింది. నలుగురు పట్టి ఇనుపమూత లేపి, లోపలి గాలి పోయేదాకా ఎవరినీ దగ్గరికి రానీయక, తర్వాత ఆ తెట్టంతా ఎత్తిపోయవలసివచ్చింది. నెలరోజులు మా మరదలు కట్టెలపొయ్యి ఊదింది. సంక్రాంతికి వెళితే, "బర్రెలకేసే గడ్డి బావిల ఏయిస్తివి గద బావా!" అని నాకు పెట్టవలసిన గడ్డి నాకు పెట్టింది.

తప్పు గడ్డిది కాదు సుమండీ. పేడ అంటే పశువు కడుపులో ఒకసారి నలిగి వచ్చిన సరుకు. వరిగడ్డి పీచును లిగ్నిన్ అనే పదార్థం బిగించి ఉంచుతుంది. గ్యాసు పుట్టించే సూక్ష్మజీవులకు అది కొరుకుడు పడదు. పైగా ఆహారంలో నత్రజనికి 20 నుంచి 30 రెట్లు కర్బనం ఉంటేనే వాటికి ఒంటబడుతుంది. పేడలో ఇంచుమించు అంతే ఉంటుంది. వరిగడ్డిలో అంతకు రెండు మూడింతలు. కనుక గడ్డిని సన్నగా నరికి, పేడనీళ్లలో కొన్నాళ్లు మాగవేసి, కొద్దికొద్దిగా కలపాలి. పశువు నెమరువేసే పని మనం చేయాలన్నమాట. ఇదంతా నేను చదివిన వ్యాసంలోనే ఉన్నది, రెండవ పేజీలో. నేను మొదటి పేజీతో ఆపాను.

కూరగాయల సంగతి వేరు. మన బోయినపల్లి మార్కెట్టులోనే, తార్నాకలోని ఐఐసీటీ శాస్త్రజ్ఞుల పద్ధతిలో కట్టిన ప్లాంటు ఉన్నది. చెత్తను నలిపి గుజ్జుచేసి, గాలి చొరని తొట్టెలో పులియబెడతారు. రోజుకు 10 టన్నుల చెత్తతో దాదాపు 500 యూనిట్ల కరెంటు, క్యాంటీన్ వంటకు 30 కిలోల ఇంధనం వస్తున్నదని 2021లో లెక్క చెప్పారు. ఆ ఏడాది జనవరిలో ప్రధానమంత్రి రేడియో ప్రసంగంలో కూడా దీని ప్రస్తావన వచ్చింది. అయితే మెత్తని ఆకులకు ఇంకో చిక్కున్నది. ఒక్కసారిగా కుమ్మరిస్తే తొందరగా పులిసి ఆమ్లం పెరుగుతుంది, మీథేన్ చేసే జీవులు చచ్చి ఊరుకుంటాయి.

ఇంతా చెప్పేసరికి వాడి ముఖం వికసించింది. ధర పడిపోయినప్పుడు ఊళ్లో టమాటాలు గట్టుమీద పోస్తారట. రోజుకు ఒక చిన్న బుట్ట, చిదిమి పేడలో కలిపితే?

"మొదట సగం బుట్టతో చూడు" అన్నాను.

వాడు నావంక అదోలా చూచి, "అన్నా, ఈసారి మొత్తం చదివినవా?" అన్నాడు.

అటు మా ఆవిడ, గోబీని ఆకులతో సహా తూచాడని కూరలవాడితో వాదిస్తున్నది.