టార్పాలిన్ కప్పితే కారు బతకదు

మొన్న దీపావళికి భద్రావతి పోయినప్పుడు షెడ్డులో తాత పద్మిని మీదున్న నీలం టార్పాలిన్ ఎత్తి చూశాను. పెయింటు మెరుస్తా ఉంది. మెరవదా మరి, పోయినేడే కదా అందరం చందాలేసి కొట్టించినాం. డ్రైవర్ సీటు ముందర మ్యాట్ ఎత్తి బొటనవేలితో నొక్కితే వేలు రేకులోకి దిగింది. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతకడం నా ఉద్యోగం. స్క్రీన్ బాగుందని పాస్ వేస్తే నన్ను ఇంటికి పంపుతారు. ఈ కారుకి మనం ఏళ్ల తరబడి అట్లాంటి పాసే వేస్తున్నాం.

కన్నడ మీడియంలో చదివిన నాకు తుప్పుకి మొదట తెలిసిన మాట 'తుక్కు'. "సైకిల్‌కి తుక్కు పట్టింది" అంటే అమ్మ నవ్వేది, తెలుగులో తుక్కంటే పాత సామాన్లవాడికి అమ్మేదిరా అని. మన షెడ్డులో ఆ రెండు మాటలకీ పెద్ద తేడా మిగల్లేదు.

"వాన పడకుండా కప్పినాం గదా, ఇంకేం చేయాల?" అంటాడు పెద్దనాయన. వాన కాదు పెద్దనాయనా, గాలి. గాలిలో తేమ 60 శాతం దాటితే ఇనుము తుప్పు పట్టే వేగం బాగా పెరుగుతుంది. మలెనాడు అంచున ముంగారు వానల నెలల్లో అంతకన్నా ఎక్కువే ఉంటుంది. షెడ్డుది మట్టి నేల. దాని చెమ్మ టార్పాలిన్ కింద చిక్కుకుని, రాత్రి రేకు చల్లబడితే బొట్లుబొట్లుగా కూర్చుంటుంది. ప్లాస్టిక్ పరచాల్సింది కారు కింద, నేల మీద. పైన నూలు దుప్పటి చాలు. సందులు మూసి డీహ్యూమిడిఫయర్ పెడితే ఇంకా మేలు, కరెంటు బిల్లు నేను కడతా. అత్త సీటు మీద పెట్టిన చెప్పుల డబ్బా సిలికా పొట్లాల గురించి ఏమీ అనను.

చిన్నాయన ఆదివారం ఆచారం ఇంకో కథ. ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి, "ఇంజన్ బాగుంది" అని ఆపేస్తాడు. లీటరు పెట్రోలు కాలితే సుమారు లీటరు నీళ్లు పుడతాయి. సైలెన్సర్ బాగా వేడెక్కితేనే ఆ ఆవిరి బయటికి పోతుంది. ఐదు నిమిషాలకి లోపలే మిగిలి, సైలెన్సర్‌ని లోపల్నుంచే తింటుంది, ఇంజన్ ఆయిల్‌లో కూడా చేరుతుంది. బయటికి తీస్తే ఇరవై కిలోమీటర్లు తిప్పాల, లేదంటే ముట్టుకోకూడదు.

ఇక ఆ పెయింటు. డోర్ల అడుగున నీళ్లు పోవడానికి చిన్న రంధ్రాలు ఉంటాయి. పెయింటర్ వాటికీ పుట్టీ కొట్టేశాడు! సైకిల్ పుల్లతో పొడిస్తే నల్లటి నీళ్లు కారినాయి. అడుగున తారు పూత కూడా తుప్పు గీకకుండానే పూసినారు, అంటే తుప్పుని లోపల పెట్టి తలుపేసినట్టు. డబ్బులిచ్చి మనమే చేయించుకున్నాం ఇదంతా.

విశ్వేశ్వరయ్య పేరున్న ఇనుము ఫ్యాక్టరీలో పనిచేసిన మనిషి కారు ఇది. ఆయన బతికున్నప్పుడు వారానికోసారి అడుగున దూరి చూసేవాడు. మనం ఫోటోకి దండ వేసినట్టు పైపైన రంగు వేస్తున్నాం. బరంపురంలోనో హోసూరులోనో మీ ఇంట్లో ఒక అంబాసిడర్ ఇట్లాగే ముసుగు తన్ని ఉంటే, ఈ పూట మ్యాట్ ఎత్తి చూడండి.

ఈ ఏడు పెయింటు చందా నేను ఇవ్వను. ఆ డబ్బుతో పుచ్చిన ఫ్లోర్ కోసి కొత్త రేకు వెల్డింగ్ చేయించి, తలుపుల లోపలికీ గడప పెట్టెల్లోకీ మైనం కొట్టిద్దాం. కుదరదంటారా, రోజూ నడిపేవాడికి అమ్మేద్దాం. వెల్డర్‌తో మాట్లాడి పెట్టినాను, సంక్రాంతి లోపల వస్తానన్నాడు. అభ్యంతరం ఉన్నవాళ్లు ముందు ఆ మ్యాట్ కింద వేలు పెట్టి చూసి, తర్వాత నాకు ఫోన్ చేయండి.