6వ నంబరు అమలైంది, మరి 7వ నంబరు?

2014లో పార్లమెంటు చేసిన 6వ నంబరు చట్టం మనకు కంఠతా వచ్చు. అది రాష్ట్ర పునర్విభజన చట్టం. దాని కోసం లాఠీలు తిన్నాం, జైళ్లకు పోయాం. మార్చి 1న రాష్ట్రపతి ఆమోదం పడింది. మూడు రోజులకే, మార్చి 4న, 7వ నంబరుకూ ఆమోదం వచ్చింది. అది వీధి వ్యాపారుల జీవనోపాధి రక్షణ చట్టం. సంబురాల్లో మునిగి దాన్ని ఎవరమూ పట్టించుకోలేదు.

మొన్న ఒక పట్టణంలో కూరగాయల మార్కెట్‌కు పోతే, నాలుగు కర్రలకు తాడ్పత్రి కట్టుకుని కూర్చున్న పెద్దాయన మాటల్లో కలిశాడు. 1969 ఉద్యమంలో బడి బందైందట, మళ్లీ పోలేదు, గంప ఎత్తుకున్నాడు. 2011 సకల జనుల సమ్మె ముచ్చట తీశాడు. "నలభై రెండొద్దులు సార్లకు జీతాల్లేవు. అందరికి ఉద్దెర పెట్టిన. ఒకలిద్దరు తప్ప అందరిచ్చిండ్రు" అని నవ్వాడు. ఈ పద్దు ఏ ఉద్యమ చరిత్రలోనూ ఎక్కలేదు.

గిరాకీ ఎట్లుంది తాతా అంటే మాత్రం నవ్వు పోయింది.

"గిరాకీ సంగతి ఇడిసిపెట్టు బిడ్డా. పోయిన నెల మున్సిపాలిటోళ్లొచ్చి తరాజు, గంపలు ట్రాక్టర్ల ఏసుకపోయిండ్రు. మూడొద్దులు తిప్పి తరాజిచ్చిండ్రు. టమాటలు కుళ్లిపాయె. అప్పుడైతె ఆంధ్ర సర్కారని తిట్టుకుంటిమి. ఇప్పుడెవల్ని తిట్టాలె?"

కరోనా తర్వాత పదివేల లోను కోసం ఇచ్చిన కార్డు ఆయన జేబులోనే ఉంది. దాన్ని చూపినా ట్రాక్టర్ ఆగలేదట.

చట్టం ఏమంటున్నది? పాడైపోయే సరుకును, వ్యాపారి అడిగిన రోజే తిరిగివ్వాలి. మిగతా సామాను రెండు పనిదినాల్లో ఇవ్వాలి. సర్వే చేసి ధ్రువపత్రాలిచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించరాదు. ఆ తర్వాతైనా 30 రోజుల ముందు నోటీసివ్వాలి. పట్టణ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వ్యాపారులు ఎన్నుకున్న వ్యాపారులే ఉండాలి, వారిలో మూడో వంతు ఆడవాళ్లు. ఒక్కటైనా ఆ పెద్దాయనకు ఎవరూ చెప్పలేదు.

గ్రూప్స్‌కు చదివే తమ్ముళ్లు ఈ చట్టాన్ని ఒక మార్కు బిట్టుగా బట్టీ పడుతున్నారు. ట్రాక్టర్ ఎక్కినవాళ్లలో ఆనాడు సమ్మె చేసినవాళ్లూ ఉండొచ్చు, ఉద్దెర తిన్నవాళ్లూ ఉండొచ్చు. ఉద్యోగ సంఘాల మిత్రులారా, మీ జేఏసీ జెండాల కింద ఈ తాతలు కూర్చున్నారు కదా!

మీ పట్టణంలో వెండింగ్ కమిటీ ఉందా, ఎన్నిక ఎన్నడు జరిగింది, జప్తు చేసిన సరుకు రిజిస్టర్ ఎక్కడుంది? సమాచార హక్కు చట్టం కింద మున్సిపాలిటీలో దరఖాస్తు పెట్టండి. ఫీజు పది రూపాయలు. 30 రోజుల్లో జవాబు రావాలి.