ముందు షిఫ్ట్ అడగండి, తర్వాత లెన్స్ చూడండి

కాలేజీలో కెమెరా ఉన్నోళ్లకు ఎప్పుడో ఒకప్పుడు ఆ ఫోన్ వస్తుంది: "అన్నా, మా అక్క లగ్గం, ఫొటోలు నువ్వే తియ్యాలె." ఒప్పుకోగానే అద్దెకు ఏ లెన్స్ దొరుకుతుందా అని వెతుకుతాం. నన్నడిగితే అది రెండో పని.

గోదావరిఖని పెళ్లికి వచ్చేవాళ్లలో చాలామంది సింగరేణి వాళ్లే. ఫస్ట్ షిఫ్ట్ పొద్దున 7 నుంచి 3 దాకా, సెకండ్ షిఫ్ట్ 3 నుంచి రాత్రి 11 దాకా. ముహూర్తం 11కి ఉంటే సెకండ్ షిఫ్ట్ బాబాయిలు అక్షింతలేసి, గబగబా తిని వెళ్లిపోతారు. ఫస్ట్ షిఫ్ట్ వాళ్లు వచ్చేసరికి మనం కెమెరా సర్దేస్తాం. పెళ్లికూతురి నాన్న ఏళ్ల తరబడి ఎవరితో కలిసి గనిలోకి దిగాడో, ఆ దోస్తులే ఆల్బమ్‌లో ఉండరు.

అందుకే ముందురోజే ఇంటివాళ్లతో కూర్చోండి. ఎవరు ఏ షిఫ్ట్, ఎవరి పక్కన ఎవరుండాలి, ఏ తంతు తర్వాత ఏది, అన్నీ రాసుకోండి. జీలకర్ర బెల్లం పెట్టి తెర తీసిన క్షణం మళ్లీ రాదు. ఎటు నిలబడాలో అయ్యగారిని ముందే అడగండి. మండపం లైట్లు వేయించి నాలుగు ఫొటోలు తీసి చూడండి. బ్యాటరీలు రెండు, కార్డులు రెండు.

లిస్ట్ పెట్టుకుంటే క్యాండిడ్ పోతుందంటారు కొందరు. నిజానికి ఎవరు మిగిలారో తెలిస్తేనే నిశ్చింతగా నవ్వుల వెంట, కన్నీళ్ల వెంట తిరగగలం. బ్యాక్‌గ్రౌండ్ బ్లర్ కాలేదని ఏ ఇంట్లోనూ బాధపడరు. "మనోళ్లేరి?" అని మాత్రం తప్పకుండా అడుగుతారు.