కారుతో పాటు ప్యాకేజీ.. ప్యాకేజీకి మల్ల మిత్తి

దసరాకో దీపావళికో కారు బుక్ చేసిన పిలగాళ్లకు షోరూంల ఒక కాయితం చేతిల పెడతరు. కారు ధర, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్.. వాటి కింద సర్వీస్ ప్యాకేజీ అని ఇంకో లైను. "ఐదేండ్లు బేఫికర్ అన్నా, లోన్లనే కలిపేస్తం, నెలకు ఆరేడు వందలు పెరుగుతది, అంతే" అంటరు. అసలు కథ ఆ "అంతే" కాడనే ఉంది.

30 వేల ప్యాకేజీని 10 శాతం వడ్డీ మీద ఐదేండ్ల లోన్ల కలిపితే నెలకు దగ్గర దగ్గర 637 రూపాయలు. 60 నెలలకు 38 వేలు దాటుతది. ఇంకా చెయ్యని సర్వీసుకు ఇవాళ్టి నుంచే మిత్తి కడుతున్నమన్నట్టు. ఊర్ల మిత్తికిచ్చేటోడు గూడ పైసలు చేతిల పెట్టినంకనే లెక్క మొదలుపెడతడు.

మరి ఆ పైసలకు ఏమొస్తది? చాలా కంపెనీలు మొదటి మూడు సర్వీసులకు లేబర్ ఎట్లాగూ తీస్కోవు. ఆయిలు, ఫిల్టర్ల ఖర్చే మనది. బ్రేక్ ప్యాడ్లు, క్లచ్ లాంటి అరిగే సామాన్లు మామూలు ప్యాకేజీల చానాసార్లు ఉండవు. చిన్న అక్షరాలల్ల ఇంకో షరతు ఉంటది: ఐదేండ్లు లేదా 50 వేల కిలోమీటర్లు, ఏది ముందైతే అది. పెండ్లిళ్లకు, ఎయిర్‌పోర్టుకు కిరాయి తిప్పే బండి నెలకు 4 వేల కిలోమీటర్లు కొడితే ఏడాది దాటంగనే ప్యాకేజీ ఒడిసిపోతది. ఈఎంఐ మాత్రం ఇంకో నాలుగేండ్లు.

ప్యాకేజీలన్నీ దండుగేనని కాదు. సామాన్ల ధరలు పెరిగినా పాత రేటుకే చేస్తరు, కొందరికి గిట్టుబాటైతది. ఓనర్ మాన్యువల్ల ఎన్ని కిలోమీటర్లకు ఏం మార్చాల్నో రాసి ఉంటది. ఆ పనులకు ప్యాకేజీ లేకుండ ఎంతైతదో అదే సర్వీస్ సెంటర్ల రాయించుకొని కూడుర్రి. తేడా అక్కడ్నే తెలుస్తది.

కొత్త కారు అమ్మితే డీలర్‌కు మిగిలేది తక్కువ. సర్వీసు, ఇన్సూరెన్స్ కమిషన్, యాక్సెసరీల మీదనే దుకాణం నడుస్తది. అడ్వైజర్‌కు నెల టార్గెట్ ఉంటది, ఆయన మీద ఒర్రి లాభం లేదు.

ఆయన దగ్గరున్న పెద్ద ఆయుధం భయం. "ప్యాకేజీ లేకుంటే, బయట చేపిస్తే వారంటీ పోతది" అంటడు. ప్యాకేజీ తీస్కోకపోవుడు వేరు, టైముకు సర్వీస్ చేపియ్యకపోవుడు వేరు. 2014 ఆగస్టుల కాంపిటిషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్లకు పైగా జరిమానా ఏసింది. స్పేర్ పార్టులు బయట దొరకకుండ చేసుడు తప్పన్నది. బయటి మెకానిక్ కాడికి పోతే వారంటీ రద్దని గంపగుత్తగ షరతు పెట్టొద్దన్నది. కంపెనీలు అప్పీళ్లకు పోయినయి, ఆ మాట మాత్రం షోరూంలల్ల ఇంకా ఇనబడుతనే ఉంది. అయినా నన్నడిగితే, వారంటీ ఉన్నన్ని రోజులు కంపెనీ సెంటర్లనే చేపిచ్చి ప్రతి బిల్లు దాచిపెట్టుకునుడు మంచిది. రేపు క్లెయిమ్ కాడ వాదులాడే ఓపిక మనకెక్కడిది?

ఇగ "ప్యాకేజీ తీస్కుంటెనే బండి ఇస్తం" అంటే అది బేరం కాదు. ఒకటి కొనాల్నంటే ఇంకోటి కొనాలె అనుడు 2019 వినియోగదారుల చట్టం ప్రకారం నిర్బంధ వాణిజ్య పద్ధతి కిందికొస్తది. ఆ మాట మెసేజ్‌లనో మెయిల్‌లనో రాసియ్యమనుర్రి. సగం మంది అక్కడ్నే వెనక్కి తగ్గుతరు. తగ్గకుంటే 1915కు ఫోన్ కొట్టుర్రి. ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. షోరూం హైదరాబాద్‌ల ఉన్నా మీరుండే జిల్లా నుంచే కేసు ఎయ్యొచ్చు, గడువు రెండేండ్లు. కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు.

ప్యాకేజీ ఒద్దన్నోళ్లకు సర్వీసు రోజు ఇంకో పరీక్ష ఉంటది. ఇంజిన్ ఫ్లష్, ఏసీ క్లీనింగ్, ఇంజెక్టర్ క్లీనింగ్ అని జాబ్ కార్డుల ముందే రాసి సంతకం పెట్టమంటరు. మాన్యువల్ ముందర పెట్టి, ఇది ఏ పేజీల ఉందో చూపియ్యమనుర్రి. చూపియ్యకుంటే ఆ లైను కొట్టేపిచ్చినంకనే సంతకం పెట్టుర్రి.