పాత సామగ్రితో దూర ప్రయాణం
పెట్టెలో కాదు.. బిగింపులోనే ప్రమాదం

నర్సీపట్నం: శీతాకాలం వచ్చిందంటే లంబసింగి దారిలో మోటారు సైకిళ్ల సందడి పెరుగుతుంది. ఇరుపక్కలా సామాను పెట్టెలు, ముందు మంచు దీపాలు, ఇంజనుకు రక్షణగా ఇనుప గార్డు అమర్చిన వాహనాలు డౌనూరు దాటి ఘాట్ ఎక్కుతుంటాయి. ఈ హంగులన్నీ కొత్తవి కొనడం మధ్యతరగతి యువకులకు భారమే. అందుకే పలువురు పాత సామగ్రి వైపు మొగ్గు చూపుతున్నారు.

ఇలాంటి సరకు చేతులు మారడానికి కారణాలున్నాయి. 2016లో వచ్చిన 411 సీసీ హిమాలయన్ స్థానాన్ని 2023లో 450 మోడల్ ఆక్రమించింది. రెండింటి చట్రాలు వేరు. పాత బండికి చేయించిన స్టాండ్లు కొత్తదానికి సరిపోవు. బండి మార్చినవారు వాటిని అమ్మక తప్పదు. కొనేవారికి ఇది లాభమే. అయితే వస్తువు పాతదైనా బిగింపు మాత్రం కొత్తగా, పటిష్ఠంగా ఉండాలన్న సంగతిని చాలామంది విస్మరిస్తున్నారు.

ఏం చూడాలి?

వేరే మోడల్ స్టాండును వంచి, వెల్డింగ్ చేసి తగిలిస్తే గతుకుల్లో అతుకు విడిపోవచ్చు. వెనుక ఇరుసు దాటి ఎత్తులో బరువు వేలాడితే ముందు చక్రం తేలికై, ఎగువ మలుపుల్లో పట్టు తప్పుతుంది. క్యారియర్ మోయగల బరువు తయారీదారు ఇచ్చిన పుస్తకంలోనే ఉంటుంది. పెట్టె బరువునూ అందులో కలిపి లెక్కించాలి. గార్డుపై కొత్త రంగు కనిపిస్తే, దాని కింద పాత విరుగుడు ఉందేమో పరిశీలించాలి.

దీపాల విషయం మరీ సున్నితం. 55 వాట్ల హాలోజన్ దీపాలు రెండు పెడితే 12 వోల్టుల బ్యాటరీపై అదనంగా సుమారు 9 ఆంపియర్ల భారం పడుతుంది. హెడ్‌లైట్ స్విచ్ నుంచే తీగ లాగితే అది వేడెక్కి కాలిపోవచ్చు. విడిగా ఫ్యూజు, రిలే పెట్టించడానికి అయ్యే ఖర్చుకు వెనుకాడరాదు.

పాత హెల్మెట్‌ను మాత్రం ఎంత చౌకగా వచ్చినా కొనరాదు. ఒక్కసారి దెబ్బ తగిలితే లోపలి పొర నలిగి రక్షణ కోల్పోతుంది. పైకి ఆ సంగతి తెలియదు.

చట్టం ఏమంటోంది?

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చరాదు. కేరళకు సంబంధించిన కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్నే స్పష్టం చేసింది. అదే ఏడాది చేసిన సవరణతో, నిబంధనలకు విరుద్ధమైన ఒక్కో మార్పునకు రూ.5 వేల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించే వీలు కలిగింది. విప్పి దాచుకునే సామాను సంచికీ, ఇంజను మార్పిడికీ ఉన్న తేడా తెలియక కొందరు అనవసరంగా భయపడుతుంటే, మరికొందరు అన్నిటికీ తెగిస్తున్నారు.

రసీదు లేని సరకుతోనూ చిక్కే. దొంగసొత్తని తెలిసి కొంటే, 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు పడవచ్చు.

ఏ అమరికకు అనుమతి ఉందో, దేనికి లేదో తేటతెలుగులో రాసి రవాణా కార్యాలయాల్లో, మెకానిక్ షెడ్లలో ప్రదర్శిస్తే సగం గందరగోళం తీరుతుంది. మిగిలిన సగం, ఘాట్ ఎక్కే ముందు ప్రతి బోల్టునూ ఒకసారి బిగించి చూసుకోవడంలో ఉంది.