చేతిపని కబుర్లు: నొగ మట్టంగా ఉండాలి

పోయిన నెల మిక్సీ జార్ బుష్ మార్చుకోవడం గురించి రాస్తే, ఇంటికాడే సరిచేసుకున్నామని వ్యాసర్పాడి అక్కలు ఇద్దరు కబురు పంపినారు. సంతోషం. ఈ నెల సంగతి కొంచెం పెద్దది. మిల్లు మూసినాక మన పిల్లలు చాలామంది టెంపోలు, నీళ్ల ట్యాంకర్లు, జనరేటర్ బండ్లు తోలుకుని బతుకుతా ఉన్నారు. వాళ్ల కోసమే ఇది. ఇంట్లో ఆడవాళ్లు కూడా చదవండి. బండి మీద ఎక్కేది మీ బిడ్డే కదా.

మా పెద్దల్లుడు మైలాపూరులో జనరేటర్ బాడుగకిస్తాడు. పెండ్లిళ్లు, గుడి ఉత్సవాలు, ఇంకా కరెంటు పోతే పరువు పోయే చోట్లన్నీ అతని పనే. జనరేటరును రెండు చక్రాల ట్రైలర్ మీద బిగించి ఉంటాడు. మొత్తం బరువు 1200 కిలోలు. పదేండ్లు పాత జీపుతో లాగినాడు. జీపు ఇంజను పోయేసరికి సెకండ్ హ్యాండులో టాటా 407 కొన్నాడు. వైర్లు, లైట్లు, స్టాండ్లు అన్నీ ఒకే బండిలో పోతాయని లెక్క. లెక్క మంచిదే. కానీ జీపు వెనక కొక్కెం నేల నుంచి 19 అంగుళాల ఎత్తు. లారీ వెనక ఉండేది 29. ట్రైలర్ మాత్రం పాతదే.

పంగుని ఉత్సవానికి వారం ముందు నేను వాళ్లింటికి పోయినాను. సాయంత్రం బండి బయలుదేరుతుంటే చూసినాను. ట్రైలర్ ముక్కు పైకి లేచి, తోక నేలకు దిగి, కూర్చున్న కుక్కలాగా ఉండాది. పని నేర్చుకుంటున్న కుర్రాడు, పంతొమ్మిదేండ్లవాడు, ట్రైలర్ నొగ మీద, కొక్కేనికి జానెడు దూరంలో ఎక్కి కూర్చున్నాడు.

"వాడెందుకురా అక్కడ?" అన్నాను.

"ముందు తేలిపోతా ఉంది మామా. వాడు కూర్చుంటే అణిగి ఉంటుంది" అన్నాడు అల్లుడు.

ముప్పై ఏండ్లు మిల్లులో ఫిట్టరుగా చేసినవాణ్ణి. అది తప్పని నాకు తెలుసు. అయినా అల్లుడి ఇంట్లో అతిథిగా ఉండి ఏం మాట్లాడేది అని నోరు మూసుకున్నాను. ఆ తప్పు నాది. ఇక్కడ ఒప్పుకుంటా ఉన్నాను.

ఆ రాత్రే కచేరి రోడ్డు దాటి లజ్ కార్నర్ వైపు పోతుంటే స్పీడు బ్రేకరు మీద లారీ వెనక చక్రాలు ఎగిరినాయి. నొగ కూడా ఎగిరి, పిన్ను సగానికి పైకి వచ్చేసింది. కుర్రాడు దూకేసినాడు. మోకాలు, అరచేయి చెక్కుకుపోయినాయి, అంతే. ఆ పక్క దూకినాడు కాబట్టి సరిపోయింది. ఈ పక్క దూకి ఉంటే ట్రైలర్ చక్రం కింద పడేవాడు. వాళ్లమ్మ మన మిల్లు కార్మికుడి భార్యే. ఆమెకు నేనేం చెప్పేవాణ్ణి?

మర్నాడు అల్లుణ్ణి కూర్చోబెట్టి చెప్పినాను. "నాయనా, ఎద్దుబండి తెలుసు కదా? బస్తాలు వెనక్కి వేస్తే ఏమవుతుంది? కాడి పైకి లేస్తుంది, పట్టెడ ఎద్దు గొంతుకు బిగుస్తుంది. ముందుకు మరీ వేస్తే మెడ మీద బరువు పడి ఎద్దు నడవలేదు. కొంచెం బరువు ముందుకు ఉంటేనే బండి తిన్నగా పోతుంది. రెండు చక్రాల ట్రైలరూ అంతే. నొగను పైకి ఎత్తినావంటే, పైన ఉన్న జనరేటర్ బరువంతా ఇరుసు దాటి వెనక్కి వాలుతుంది."

నమ్మలేదు. పాత పేపర్ల కొట్టు నుంచి పెద్ద తూకం అడిగి తెచ్చినాము. ట్రైలర్ చక్రాలకు అడ్డం పెట్టి, నొగ కొస కింద జాకీ, దాని కింద తూకం పెట్టినాము. 19 అంగుళాల ఎత్తులో నొగ మీద 120 కిలోలు చూపించింది. అంటే మొత్తం బరువులో పదో వంతు. బంతి కొక్కెం పెట్టి లాగే ట్రైలర్లకు పది నుంచి పదిహేను వంతులు నూటికి ఉండాలని చెప్తారు. మనదీ అదే లెక్కకు దగ్గర. తర్వాత 29 అంగుళాలకు ఎత్తినాము. 40 కూడా లేదు. మిగతా 80 కిలోలకు బదులే ఆ కుర్రాణ్ణి కూర్చోబెట్టింది. వాడి బరువు 50 కిలోలు. వాడి ప్రాణం పెట్టినా లెక్క సరిపోలేదు.

ముందు బరువు తగ్గితే ట్రైలర్ తోక ఊగుతుంది. వేగం పెరిగేకొద్దీ ఊపు ఎక్కువవుతుంది, చివరికి లాగే బండినే పక్కకు ఈడుస్తుంది. స్పీడు బ్రేకరు మీద పిన్ను ఎగరడం దీనికి మొదలు మాత్రమే.

మేము చేసిన పని వరసగా చెప్తాను.

మొదట కొలత. సమంగా ఉన్న సిమెంటు నేల మీద ట్రైలరును ఒక్కదాన్నే నిలబెట్టి, ఛాసిస్ మీద రసమట్టం పెట్టి, బుడగ నడిమికి వచ్చేదాకా జాకీ తిప్పినాము. అప్పుడు నేల నుంచి నొగ కన్ను మధ్యకు కొలిస్తే 19. లారీని ఖాళీగా కొలిస్తే 29. సామాను, మనుషులు ఎక్కి, నొగ కూడా తగిలించినాక కొలిస్తే 27. ఇక్కడే చాలామంది తప్పుతారు. ఖాళీ బండిని కొలిచి పని చేయిస్తారు, లోడు ఎక్కినాక ముక్కు నేలకు దిగుతుంది. రోడ్డు మీద ఎట్లా పోతుందో అట్లా నిలబెట్టి కొలవాలి. మాకు దించాల్సింది 8 అంగుళాలు.

రెండోది, ఎక్కడ మార్చాలి? ట్రైలర్ ఇరుసును కమాను పట్టీల కిందికి మార్చి మొత్తం ట్రైలరునే ఎత్తొచ్చు అన్నాడు ఒక మెకానిక్కు. జనరేటర్ అసలే పొడుగు, ఇంకా ఎత్తితే మలుపులో వాలుతుంది. వద్దన్నాను. లారీ వైపే కొక్కేన్ని కిందికి దించినాము.

మూడోది, బలం. 8 అంగుళాలు కిందికి వేలాడే కొక్కెం పొడుగు పారలాంటిది. బ్రేకు వేస్తే వెనక నుంచి ట్రైలర్ తోస్తుంది, ఆ తోపు మొత్తం పైన ఉన్న బోల్టులను మెలిపెడుతుంది. అందుకని లావు ప్లేటు వేసి, పక్కల మూలబద్దలు పెట్టి, ఛాసిస్‌కు రెండు ఏటవాలు ఊతాలు ఇచ్చి, గట్టి రకం బోల్టులతో, లాక్ నట్లతో బిగించినాము. ఛాసిస్‌కు వెల్డింగు పెట్టనివ్వలేదు. వేడికి ఆ ఇనుము బలం తగ్గి, కొన్నాళ్లకు అక్కడే బీట వేస్తుంది. ప్లేటుకు రెండేసి అంగుళాల దూరంలో మూడు వరసల బెజ్జాలు పెట్టించినాను. లోడు మారినా, రేపు ఇంకో బండి వచ్చినా కొక్కేన్ని మార్చుకోవచ్చు.

నాలుగోది, పిన్ను కింద లాక్ క్లిప్పు. నొగ కింద రెండు గొలుసులు, ఒకదాని మీద ఒకటి అడ్డంగా. పిన్ను ఊడినా నొగ నేలను పొడవకుండా ఆ గొలుసుల ఊయలలో నిలబడుతుంది.

ఖర్చు అయింది. ఒక బాడుగ కూడా వదులుకోవాల్సి వచ్చింది. అల్లుడు రెండు రోజులు నాతో ముక్తసరిగా మాట్లాడినాడు. ఫరవాలేదు.

ఇంకొక్క మాట. బండి బాడీ లోపల తప్ప బయట ఎక్కడా మనిషిని ఎక్కించుకోకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 123వ సెక్షన్ చెప్తుంది. చట్టం సరే. 1918లో మన తాతలు మద్రాసు లేబర్ యూనియన్ పెట్టుకున్నది మిల్లులో మనిషిని మనిషిగా చూడాలనే కదా. వాళ్ల మనవళ్లం మనమే ఒక పిల్లవాణ్ణి ఇసుక మూటలాగా వాడితే ఎట్లా? బరువు చాలకపోతే కొక్కెం మార్చండి, లోడు ముందుకు జరపండి. మనిషిని పెట్టవద్దు.

అరవత్తుమూవర్ నాడు నేనూ పోయినాను. కపాలీశ్వరుడి వెనక అరవైమూడు నాయనార్ల ఊరేగింపు మాడ వీధుల్లో కదులుతుంటే, వెనక మా జనరేటర్ మట్టంగా, ఊగకుండా పోతా ఉంది. కుర్రాడు లారీ క్యాబినులో అల్లుడి పక్కన కూర్చుని మజ్జిగ తాగుతున్నాడు. నన్ను చూసి, "పెద్దాయనా, మీకూ కావాలా?" అని చెయ్యి చాపినాడు. అరచేతి మీద మచ్చ ఇంకా ఎర్రగానే ఉండాది.

ట్రైలర్ లాగే పిల్లలు ఇంట్లో ఉంటే, ఈ ఆదివారం ఒక టేపు, ఒక రసమట్టం పట్టుకుని కొలిచి చూడండి. అరగంట పని. వచ్చే నెల ఇంటి మోటారు పంపు నీళ్లు ఎందుకు ఎక్కించదో చూద్దాం.